పూరీమునాటి సొట్ట తాంబాళం

—అవ్వా, గీ తాంబాళం నడుమ గింత సొట్టేంది? కింద పాత సామాన్లాయన వచ్చిండు, ఏసేద్దామా?

ఏయ్, ముట్టకు దాన్ని! పెట్టాడ. పెట్టు ముందు. పాత సామాన్లకు ఏస్తడట! జోకినప్పుడు నన్ను గుడ పక్కన కూసోవెడతవా ఏంది? ఇటు తే. ఇగో, గీ సొట్ట మీద ఏలు వెట్టి చూడు. లోపటికి గుండ్రంగ పోయింది గద? కిందవడితె గిట్ల వడదు. దీనికో ముచ్చటున్నది. కూసో. ఆ ఫోనెందుకు ముందలవెట్టినవు? రికార్డా? చేస్కో, నాకేం పోయె. కాలేజి ఇడిసిపెట్టి తిరిగేటోనికి ఇంకేం పనున్నది... అగో, మూతి ముడిసిండు. ఊకె అన్న తియ్యి, ఇను.

ఇది పూరీము పండుగనాడు వడ్డ సొట్ట.

—పూరీమా? మనకు క్రిస్మస్, ఈస్టరే గద?

మనకు గదే. ఇది యూదులది. ఎస్తేరు పుస్తకం ఉన్నది గద బైబిల్ల, పది అధ్యాయాలే, నువ్వు సండే స్కూల్ల సదివే ఉంటవు. సదివినవా? సదవలే. ఏది పూరాగ సదివినవు గని.

ఇది అరవై తొమ్మిదిల ముచ్చట. తెలంగాణ లొల్లి, నువ్వు చూసింది కాదు, మొదాటిది. నాకు పదారో పదిహేడో. మొయినాబాద్ కాడ ఈ రోడ్డు గింతే ఉండె, రెండు బండ్లు ఎదురైతె ఒకటి పొలంల దిగాలె. గీ ఫారం హౌజులు, కాలేజీలు ఏడియి? మెహదీపట్నంకు బస్సు కిరాయి ముప్పై పైసలు... కాదు, ముప్పై ఐదు. ముప్పై చేవెళ్లకు. గులాబి రంగు టికెటు, గది జాకిట్ల వెట్టుకుంటె చెమటకు రంగు అంటేది. సరే, ఇడువు.

మా దానేలన్న. అదే, చేవెళ్లల ఉండే మీ దానేలు తాత. హెడ్ మాస్టరు చేసి రిటైరైండు, మీసాలు గింత, గేటు కిర్రుమంటెనే నువ్వు పారిపోతవు. మొన్న మందిరం కాడ నిన్ను పదిమందిల అన్నడు గద, సదువు ఆపినోడు సగం కట్టిన గోడ అసొంటోడని, గప్పటిసంది ఆ ఇంటి మొకాన పోతలేవు. నాకెర్కే లేదనుకున్నవా? ఇగ గాయన ముచ్చటే ఇది. మంచిగ ఇను.

మా వాడకట్టుల కాలేజి గడప తొక్కిన మొదాటోడు దానేలన్న. పట్నంల సదువుతుండె. లొల్లి మొదలైంది, కాలేజీలు బందువడ్డయి, ఇంటికొచ్చిండు. వచ్చినోడు సక్కగ ఉన్నడా? దోస్తులను కూడవెట్టి, బస్సు ఆగే కాడ సర్కారు బోర్డుండె, దాని మీద తారు పూసి, పక్క గోడకు ఇంతింత అక్షరాలతోని "జై తెలంగాణ" అని రాసిండు. ఎవరో పేరు చెప్పిన్రు. పోలీసులు ఎతుకుతున్నరని తెల్వంగనే ఈసి వాగు ఒడ్డుకు జొన్నచేనుల మంచె ఎక్కి కూసున్నడు. నేను గడ్డికి పోయినట్టు పోయి సద్ది ఇచ్చొస్తుంటి. దొరికితె జైలు, ఏ జైలో తెల్వదు, ఎన్నొద్దులో తెల్వదు. ఇగ సదువు అక్కడికి సరి. మా నాయిన ముద్ద మింగుతలేడు. కూరగాయలమ్మి సదివిచ్చిన కొడుకాయె.

గదొకటి. ఇగ పండుగ సంగతి చెప్త.

పండుగ చెయ్యాలని పట్టువట్టింది మా నాయినమ్మ, సారవ్వ. మా తాత బొంబాయిల బట్టల మిల్లుల పనిచేసినప్పుడు ఆమె గుడ ఆడ పన్నెండేండ్లున్నది. వాళ్లుండే చాలుల, అంటె వరుసగదుల బిల్డింగుల, పక్క ఇల్లు రెబ్కాబాయిది. యూదులు వాళ్లు, మరాఠీ మాట్లాడుతరు, మన తీరుగనే చీర కట్టుకుంటరు. శనివారం పొయ్యి ముట్టియ్యరు. హోళి రాంగనే ఆమె పోలెలు, గవే బొబ్బట్లు, చేసి పళ్లెం నిండ పంపేదట. "ఇదేందమ్మా, మీరు హోళి చేస్తరా?" అంటె, "హోళి కాదు, పూరీము. ఎస్తేరు రాణి పండుగ" అన్నదట. ఇగ సారవ్వకు రెబ్కాబాయి ఎట్ల చెప్పిందో గట్లనే జరగాలె, ఒక్క పోగు అటిటు కావద్దు.

గీ లొల్లికి ముందు క్రిస్మసు నెలల ఏమైందంటె, అప్పటి మా అయ్యగారు, పాస్టరు, మంచోడే గని భయస్తుడు, "పన్నెండో నెల పద్నాలుగో దినమని రాసి ఉన్నది, అంటె డిసెంబరు పద్నాలుగు, ఆనాడే చేద్దాం" అన్నడు. సారవ్వ లేచింది.

"ఎవల పన్నెండో నెల అయ్యగారూ?"

"దేవుని వాక్యంల ఉన్నదమ్మా. అదారు అను పన్నెండో నెల."

"ఎస్తేరు కాలంల డిసెంబరు ఉన్నదా? వాళ్లది చంద్రుని లెక్క. మనది చంద్రుని లెక్కే. మనకు పన్నెండో నెల ఏది? పాల్గుణం! రెబ్కాబాయి హోళి పున్నమికి పోలెలు చేసిందా, క్రిస్మసుకు చేసిందా?"

అయ్యగారు సరేనన్నడు. పాల్గుణంల పున్నమికి ముందటి దినం, పద్నాలుగోది, ఎప్పుడొస్తదో చూడాలె. మా ఇండ్లల్ల పంచాంగం యాడిది? ఇగ తెల్లంగి తొడుక్కున్న మా అయ్యగారు, చంకల బైబిలు, సైకిలెక్కి పక్కూరి పంతులు ఇంటికి పోయి యూదుల పండుగకు తిథి అడిగిండు! పంతులు గుడ ఏమనలేదట. ఏళ్లమీద లెక్కవెట్టి, "చతుర్దశి ఫలాన దినం, మర్నాడు కాముని పున్నమి. వర్జ్యం గుడ చూడమంటరా?" అన్నడట. అయ్యగారు "వర్జ్యం వద్దండి" అని వచ్చిండు. వాళ్లకు గుడ మన అధికమాసం తీరుగ కొన్నేండ్లు ఒక నెల ఎక్కువొస్తదట బిడ్డా, అప్పుడు ఈ లెక్క తప్పుతది. ఆ యేడు తప్పలే.

కత ఏందంటె, పారసీకం దిక్కు ఒక రాజు. అహష్వేరోషు. ఏం నవ్వుతవు, నువ్వు పలుకు చూద్దాం. ఆయన పెండ్లాం మాట ఇనలేదని ఎల్లగొట్టి ఎస్తేరును చేసుకున్నడు. ఆమె యూదుల పిల్ల, గని చెప్పలే. తల్లిదండ్రి లేరు, పెంచింది మొర్దెకై, ఆమెకు అన్న వరుస. ఆయన చెప్పొద్దన్నడు, చెప్పలే. రాజు కింద పెద్ద కొలువు హామానుది. అందరు నాకు మొక్కాలంటడు. మొర్దెకై మొక్కడు. గంత దానికి యూదులనే లేకుండ చేస్తనని, ఏ దినం చెయ్యాల్నో చీట్లేసిండు. చీటిని వాళ్లు పూరు అంటరు, గందుకే పూరీము. ఎస్తేరు మూడొద్దులు ఉపాసముండి, పిలువకుండ రాజు ముందల నిలవడ్డది. పిలువకుండ పోతె పానమే తీస్తరు, ఎర్కేనా? రాజుకు విందువెట్టి మెల్లగ చెప్పింది, వీళ్లు నావోళ్లని. ఇగ హామాను కట్టిచ్చిన ఉరికంబానికి హామానే ఎక్కె.

ఆ పుస్తకం మొత్తంల దేవుని పేరే లేదు తెలుసా? ఒక్కసారి గుడ లేదు. సారవ్వ అనేది, ఎస్తేరు దాసుకున్నట్టే దేవుడు గుడ ఆ కతల మొకం దాసుకున్నడని. గందుకే ఆనాడు ఏషాలు కడతరట.

ఇగ కాయిదలు, అంటె పండుగ పద్ధతులు. ముందుదినం ఉపాసం. పండుగనాడు కత మొత్తం సదవాలె. హామాను పేరొచ్చినప్పుడల్లా డబ్బలు, పళ్లాలు కొట్టి ఆ పేరు ఇనవడకుండ చెయ్యాలె. మేం చెప్పుల కింద సుద్దతోని హామాను అని రాసి అరగదొక్కినం గుడ. ఒక దోస్తుకు రెండు తీర్ల తినేటివి పంపాలె, రెండు ఉండాలె, ఒకటి చెల్లదు. ఆఖరికి ఇద్దరు పేదోళ్లకు పెట్టాలె.

గీడనే ఆగింది బండి. పేదోళ్లెవలు? వాడకట్టంత కూలోళ్లమే. ఒక ముసలామెను అడిగితె, "నేను పేదదాన్నారా? నాకు రెండు మేకలున్నయి!" అని కట్టె అందుకున్నది. ఎవల్నడిగినా నేను కాదంటె నేను కాదు. సారవ్వకు ఒకటే ఫికరు. "ఇద్దరు పేదోళ్లు దొరకకుంటె పండుగ ఎట్ల అయితది?"

ఏషాలల్ల ఎస్తేరును నేను. పదిహేనొద్దులు మాటలు కంఠం పట్టిన. మా అమ్మ పెండ్లిచీర, సిగరెట్టు పాకిట్ల తళుకు కాయితంతోని కిరీటం. మొర్దెకై మా నాయిన, గోనెపట్ట కప్పుకోని, జనుపనార గడ్డం. కొడుకు జొన్నచేనుల ఉన్నడని ఆయన ఎట్లనో ఏడుస్తనే ఉన్నడు, ఆ ఏషానికి సరిపోయిండు.

పండుగనాడు పొద్దుగాలసంది బందు. హోటళ్లు లేవు, బస్సుల్లేవు. మేం మందిరంల కూడినం, పొద్దు నెత్తిమీదికొచ్చింది. అయ్యగారు సదువుతుండు, మేం దడదడ కొడుతున్నం, ఎనక దిక్కు తలుపు కాడ చూస్తె దానేలన్న! పోలెల వాసనకు మంచె దిగొచ్చిండు. వారం గడ్డం, కండ్లు లోపటికి వోయినయి. గోడ చాటుకు నిలవడి నెయ్యి కారుకుంట పోలెలు మింగుతుండు.

గప్పుడే రోడ్డు మీద జీపు ఆగింది.

కిటికిలకెల్లి చూసి మా నాయిన గోనెపట్ట, గడ్డం ఆడ్నే ఇసిరి ఎదురుంగ ఉరికిండు, జర సేపు ఆపుదామని. సారవ్వ నా దిక్కు తిరిగి "చీర ఇప్పు" అన్నది.

"ఎవల చీర?"

"నీదేనే!"

లంగ ఓణి మీదనే చుట్టుకున్న గనుక బతికిన. రెండు నిమిషాల్ల ఆ చీర అన్నకు చుట్టి, కిరీటం వెట్టి, గడ్డం కనవడకుండ కొంగు మొకం మీదికి గుంజింది. గాజులు తొడుగుదమంటె ముంజేతికి పోతలేవు. గోనెపట్ట నా మీద కప్పి, "నువ్విగ మొర్దెకైవి" అన్నది. పదిహేనొద్దుల పాఠం బిడ్డా! పోలీసులొచ్చిన్రన్న భయం కంటె ముందు నాకు ఏడుపొచ్చింది, నా రాణి పోయిందని.

లోపటికొచ్చింది జమేదారు సాబు, అంటె హెడ్ కానిస్టేబులు. తెల్ల మీసాలు, ఖాకీ నిక్కరు, చేతిల లాఠీ. ఎంబడి ఒక జవాను. ఇద్దరి మొకాలు వాడిపోయి ఉన్నయి.

"ఏం లొల్లి ఇది? నలుగురు కూడొద్దని ఆర్డరున్నది, తెల్వదా? ఎవల మీద కొడుతున్నరు డబ్బలు?"

అయ్యగారు లేచిండు. "సర్కారు మీద కాదు సార్, హామాను..."

దడదడదడ! పోరగాండ్లు ఆగుతరా? పేరొచ్చింది, కొట్టిన్రు.

"ఆపుండ్రి! ఎవడా హామాను?"

దడదడదడ!

"అరే! పాస్టర్ సాబ్, మీరు చెప్పుండ్రి, వాడు మీ లీడరా?"

"కాదు సార్, రెండువేల ఏండ్ల కింద చచ్చిపోయిండు సార్, ఆ హామా..." అని నోరు మూసుకున్నడు పాపం. పేరు చెప్పకుండ చెప్పరాదు, చెప్తె ఇనవడదు. జవానుకు నవ్వాగుతలేదు, టోపి సర్దుకున్నట్టు చేస్తుండు.

జమేదారు గొంతు గట్టిగైంది. "నాకు దానియేలు కావాలె. ఇంట్ల లేడు. ఈడున్నడా?"

ఆయన ఒక్కొక్కల మొకం చూసుకుంట వచ్చి రాణి ముందల ఆగిండు.

"ఈమె ఎవరు?"

"ఎస్తేరు రాణి సార్" అన్న నేను, గోనెల నుంచి.

"పేరడిగితె రాణే చెప్తది గద. మాట్లాడదా?"

"మూడొద్దుల ఉపాసం సార్. నోరు వస్తలేదు."

"అట్లనా? మరి కొంగుకు నెయ్యి ఎట్లంటింది?"

తలుపు కాడ మా నాయిన కండ్లు మూసుకున్నడు. గప్పుడు సారవ్వ, రెండు చేతులు చరిచి, "అయ్యగారూ! దొరికిండ్రు! ఇద్దరు దొరికిండ్రు!" అన్నది.

"ఎవరు దొరికిండ్రు?" జమేదారు గిర్రున తిరిగిండు.

"పేదోళ్లు నాయినా. మీరే. పొద్దుగాలసంది ఏమన్న తిన్నరా?"

పోలీసోన్ని పట్టుకోని పేదోడంటవా! ఎంత గుండె ఆమెకు. జమేదారు నోరు తెరిసిండు తిట్టెటందుకు. గని జవాను "సాబ్, నిన్న పగటిసంది ఏం లేదు సాబ్" అన్నడు, మెల్లగ, చిన్నపిలగాని లెక్క. పోలెల వాసన ఒకటి, మందిరం నిండ. జమేదారు ఒక్కసారి బయట జీపును చూసిండు, ఒక్కసారి పొయ్యి దిక్కు చూసిండు, సాపమీద కూసున్నడు.

గిదే తాంబాళం పెట్టినం ఆయనకు.

నేను వడ్డిస్తనని లేస్తె సారవ్వ నన్ను గుంజింది. "నువ్వు కాదు. రాణి చేతుల మీదికెల్లి పోవాలె. రెబ్కాబాయి గట్లనే చెప్పింది."

చూసినవా! ఆ ముసలిదానికి కాయిద తప్పొద్దు, మనుమడు తప్పిపోయినా సరే! నోట్లకెల్లి మాట వచ్చినంక తెల్సింది ఆమెకు, ఏం చేసుకున్నదో. మొకం పాలిపోయింది. ఇగ ఎనకకు తీసుకోరాదు, జమేదారు రాణి దిక్కే చూస్తుండు.

అన్న వంగి పోలె పెట్టిండు. నెయ్యి పోసిండు. ముంజేయి నిండ ఎంటికలు, గాజుల్లేవు. గదన్న పోనీ. గోళ్లల్ల తారు! బోర్డుకు పూసిన తారు, వారమైనా పోలే. పది ఏళ్లకు పది నల్ల కొనలు, పసుపుపచ్చ పోలె పక్కపొంటి.

జమేదారు ఆ చెయ్యి చూసిండు. నోట్ల ముద్ద నోట్లనే. తలకాయ లేపి కొంగు దిక్కు చూసిండు. చూసుకుంటనే ఉన్నడు. అయ్యగారికి ఏం చెయ్యాల్నో తోచలే, చేతిల పుస్తకమున్నది గద, ఇడిసిన కాడికెల్లి సదువుడు షురూ చేసిండు. రెండు మాటలు సదివిండో లేదో, హామాను అని వచ్చింది.

ఒక్క చెయ్యి లేవలే. పోరగాండ్లు గుడ కొట్టలే. మొదాటిసారి ఆ పేరు సాఫుగ ఇనవడ్డది మందిరంల.

జమేదారు ఆఖరి పోలె నోట్లవెట్టుకున్నడు. పక్కన పెట్టిన లాఠీ తీసిండు. నేననుకున్న, ఇగ అయిపోయింది, అన్న వీపు మీదనే. లేపిండు... ఠన్న్! తాంబాళం నడుమ కొట్టిండు బిడ్డా, గీ సొట్ట వడ్డది!

"పేరొస్తె కొట్టాలె గద?" అన్నడు. "మీరెందుకు ఆగిండ్రు?"

ఇగ చూడు, మందిరం కప్పు లేచిపోయింది. జవాను టోపీ తీసి గోడకు కొట్టిండు. మా నాయిన కొడుకుంట ఏడుస్తుండు, ఏడుసుకుంట కొడుతుండు. పోయేటప్పుడు సారవ్వ జమేదారింటికని టిపిని డబ్బల పోలెలు, నువ్వుల ముద్దలు, రెండు తీర్లు వెట్టిచ్చింది. ఆయన వాకిట్ల నిలవడి జవానుతోని "దానియేలు ఈడ లేడు, రాసుకో" అన్నడు. జీపు పోయింది.

పొద్దుమూకేదాక ఒకటే తకరారు. ఆయనకు తెల్సిందా, తెల్వలేదా? అన్నేమో, "తెల్వలే. నేను మస్తు చేసిన రాణి" అంటడు. నాకు మండింది. నా ఏషం గుంజుకొని, ఒక్క మాట మాట్లాడకుండ, మస్తు చేసిండట! అయ్యగారేమో, ఆకలిమీద ఎవడు చేతులు చూస్తడని. మా నాయిన మళ్ల చేనుకు పొమ్మంటడు.

తెల్లారి హోళి. ఆ జవాను మొకం నిండ రంగుతోని సైకిలు మీదొచ్చి, టిపిని డబ్బ వాపసిచ్చిండు. "సాబు ఖాళీ డబ్బ ఇయ్యొద్దన్నడు" అని నవ్వుకుంట పోయిండు. సారవ్వ మూత తీసింది.

ఒక గడ్డం బ్లేడ్ల పాకిటు. ఒక చిన్న సీసల గ్యాసునూనె, తారు కడుక్కునేటందుకు.

సారవ్వ రెండిటిని చేతిల వట్టుకోని చూసి, "రెండు తీర్లు. సరిగ్గ పంపిండు" అన్నది. ఆమెకు గదే. అన్న నూనెతోని గోళ్లు రుద్దుకున్నడు, రుద్దుకుంట రుద్దుకుంట ఏడ్చిండు. నేను చూసిన. గప్పటిసంది మళ్ల ఎవలు రాలే ఆయనను అడిగెటందుకు.

ఆ యేడు పరీక్షలు లేవు, ఏం లేవు. మీ తాతకు గుడ ఒక యేడు పోయింది బిడ్డా. ఇంట్లనే కూసున్నడు, నీ లెక్కనే గోడలు చూసుకుంట. సగం కట్టిన గోడ! తర్వాత కట్టుకున్నడు తియ్యి. ఆయన నిన్నన్నది మందికి చెప్పలే, ఆయనకు ఆయన చెప్పుకున్నడు.

ఇగో, ఈ యేడు చతుర్దశి రేపే. పోలెలు అయినయి, నువ్వుల ముద్దలు అయినయి. ఆ డబ్బ తీసుకోని చేవెళ్లకు పోయిరా. పోతవు. బండి మీద ఎంతసేపు? డబ్బల అడుగున పోలెలు వెట్టు, నడుమ ముద్దలు వెట్టు, పైన... కోమటాయన దుకాణంల బ్లేడ్ల పాకిటు దొరుకుతది గద? గది వెట్టు పైన.

—అవ్వా, నన్ను తంతడే!

తన్నడు. మూత తీసి చూడనియ్యి. మీసాల కింద నవ్వు ఆపుకోలేకపోతడు, చూడు నువ్వు. ఎవలు చెప్పిన్రంటె నా పేరు చెప్పు, ఏషం బాకీ ఇంక తీరలేదన్నదని చెప్పు. పో నాయినా, సల్లగుండు. నీకెప్పుడు ఆపదొచ్చినా, ఆకలిమీదున్న మంచోడే ఎదురు రావాలె... ఆ తాంబాళం మెల్లగ, కిందవెయ్యకు. ఆ ఒక్క సొట్ట చాలు దానికి.